హన్నమ్మ గుంట, నా గుంట

డెబ్బయ్యారు ఎండాకాలం మొదట్లో నా పెళ్ళాం పరాయి మగాడి మాటకు నవ్వింది. ఆ మాట చేప పేడ గురించి.

నవ్వితే ఏం పోయిందని మీరు అనొచ్చు. అంతకు ముందు వానాకాలంలో పురిట్లోనే మా బిడ్డ పోయాడు. అప్పటినుంచీ హన్నమ్మ నవ్వలేదు. వండేది, పెట్టేది, కూలికి పోయేది, ఆదివారం గుడికి వచ్చేది, అడిగినదానికి బదులు చెప్పేది. నవ్వు మాత్రం లేదు. నేను చేయని ప్రయత్నం లేదు. సినిమాకు తీసుకెళ్ళాను. నెమలి ఊరి తిరునాళ్ళలో గాజులు కొనిపెట్టాను. ఆఖరికి మా గానుగ యజమాని మొహిద్దీన్ సాయిబు లుంగీ ఎగ్గట్టి కోళ్ళను ఎలా తోలతాడో నడిచి మరీ చూపించాను. ఉహూఁ! అలాంటి మనిషి, చేపలాఫీసు నుంచి వచ్చిన ఎవడో గట్టు మీద నిలబడి పేడ గురించి చెబుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నేను అవతలి గట్టు మీద వేరుశెనగ చెక్క మూట నెత్తిన పెట్టుకుని వస్తూ చూశాను. మాట నాకు వినపడలేదు. నవ్వు వినపడింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. దాచుకోవడం దేనికి? అసూయ అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

తిరువూరు శివార్లో మా పేట వెనక రెండు గుంటలున్నాయి. ఇటుకలకు మట్టి తవ్వి వదిలేసినవి. మధ్యలో ఒక మనిషి నడిచేంత గట్టు. అవి గుడివాళ్ళ స్థలంలోవి. ఊరికే దోమలు పెరగడం దేనికని ఫాదర్‌గారు మాకు అప్పగించి, చేపలు పెంచుకోమన్నారు. కిందటేడు వానలకు నిండాక చేపలాఫీసువాళ్ళు పిల్లల్ని తెచ్చి వదిలారు. తూర్పు గుంటలో గడ్డిచేపలు, వాటికి తోడు కాసిని రాగండ్లు. పడమటి గుంటలో అన్నీ రాగండ్లే. అవి ఎలా ఉన్నాయో చూసి పోవడానికి జగన్నాథరావు అనే ఆయన వచ్చేవాడు. బస్సు దిగి, స్టాండు దగ్గర అద్దె సైకిలు తీసుకుని, ప్యాంటుకు క్లిప్పు పెట్టుకుని.

అందగాడేమీ కాదు. పొడుగ్గా, వంగిపోయి, మెడ చుట్టూ రుమాలుతో ఉండేవాడు. అందగాడైతే సర్దుకునేవాణ్ణేమో. ఇంత సాదాసీదా మనిషికి ఆ నవ్వు ఎలా దొరికిందా అని మరీ మండేది.

పైగా ఆయన నా పెళ్ళాన్ని "హన్నమ్మగారూ" అనేవాడు. మా పేటలో ఆడమనిషి పేరు చివర గారు తగిలించి పిలిచిన మొదటి మగాడు ఆయనే. నన్ను మాత్రం ఒట్టి "యోసేపూ" అనేవాడు. ఆవిడకు గారు, నాకు బోడి పేరు!

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాను.

"ఏమన్నాడు?"

"ఎవరు?"

"ఆ సైకిలు సారు. గట్టు మీద."

"చేప పేడ గురించి ఏదో అన్నాడులే."

"చేప పేడకు అంత నవ్వా?"

హన్నమ్మ నా కంచం వంక చూసింది. "ముందు ఆ ముద్ద నమిలి మింగవయ్యా. గొంతుకు అడ్డం పడుద్ది."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పింది అదే," అని కుండ మీద మూత పెట్టేసి లేచిపోయింది.

*

మొహిద్దీన్ సాయిబు గానుగలో నా పని. వేరుశెనగ ఆడి నూనె తీశాక మిగిలిన చెక్కలో, విరిగిన ముక్కలూ పొడీ నేను పట్టుకుపోవచ్చని సాయిబు ఒప్పుకున్నాడు. అది నా గొప్ప. తిరువూరులో ఆ చెక్క తినే గేదెలు చిక్కటి పాలిస్తాయి. ఇంక చేపల సంగతి చెప్పాలా? నేను చెక్క విసిరితే పడమటి గుంటలో నీళ్ళు ఉడికినట్టు కదిలేవి. హన్నమ్మ పక్కన ఉంటే ఇంకో రెండు గుప్పిళ్ళు ఎక్కువ విసిరేవాణ్ణి.

తరువాతిసారి జగన్నాథరావు వచ్చినప్పుడు నేను గానుగ మానేసి మరీ గట్టు మీద కాపలా ఉన్నాను.

ఆయన తూర్పు గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు. హన్నమ్మ పొద్దున్నే కోసి వేసిన గరిక నీళ్ళ మీద తేలుతోంది. దాన్ని కింద నుంచి ఎవరో లాగుతున్నట్టు పోచలు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. పక్కనే ఆకుపచ్చటి తునకలు, ఆవు పేడ నీళ్ళలో కలిపినట్టు, తేలుతున్నాయి.

"చూడండి హన్నమ్మగారూ, ఇది తిన్నదాంట్లో సగం అరక్కుండానే బయటికొచ్చేస్తుంది. ఆ పేడే నీళ్ళకు ఎరువు. ఎరువుకు పచ్చపాచి పుడుతుంది. దాన్ని తినేవి తింటాయి. గడ్డి మీరు ఒక్క చేపకే వేస్తున్నారు గానీ, అందరికీ వంట అవుతోంది."

"అంటే ఇది మా గేదె లాంటిదే సార్," అంది హన్నమ్మ.

"అచ్చం అంతే."

చూశారా, ఒకళ్ళ మాట ఒకళ్ళకు ఎలా అందుతోందో! నాకు మధ్యలో దూరాలనిపించింది.

"అదేం చేపండీ, గడ్డి తిని పేడ వేసేది? కొట్టంలో కట్టేసుకోవాలి దాన్ని. మా రాగండి చూడండి. చెక్క పెడితే రాజాలా తింటుంది. నీళ్ళు చూడండి ఎంత తేటగా ఉన్నాయో. ఒక్క పేడ తునక కనపడితే చూపించండి."

జగన్నాథరావు లేచి పడమటి గుంట వైపు వచ్చాడు. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూశాడు. మొహం అదోలా పెట్టాడు.

"కనపడే పేడతో భయం లేదు యోసేపూ. గడ్డిలో బలం తక్కువ, చెక్కలో బలం ఎక్కువ. ఆ బలమంతా చేప ఒంటికి పట్టదు. పట్టనిదాన్ని అది మొప్పల్లోంచి నీళ్ళలోకే వదిలేస్తుంది. అది కంటికి కనపడదు. తినకుండా మిగిలిన చెక్క అడుగున కుళ్ళుతుంది. ఎండలకు నీళ్ళు తగ్గాయి, చూస్తున్నావుగా. చెక్క తగ్గించు."

"మొప్పల్లోంచి ఉచ్చ పోసే చేపను నేనెక్కడా చూళ్ళేదు సార్," అన్నాను.

జగన్నాథరావు పకపకా నవ్వాడు. హన్నమ్మ నవ్వలేదు. నవ్వించాల్సిన మనిషిని వదిలేసి, నవ్వించకూడని వాణ్ణి నవ్వించాను. నా ఖర్మ!

ఆ ఉక్రోషంలోనే అన్నాను. "సరే, తేల్చుకుందాం. ఆ గుంట ఆవిడది, ఈ గుంట నాది. ఈస్టరుకు ముందు శనివారం వల వేద్దాం. రాగండికి రాగండిని తూచి చూద్దాం. నావి బరువు తూగితే రెండు గుంటలకూ నా చెక్కే. ఎవరూ మాకు పాఠాలు చెప్పనక్కర్లేదు."

ఎవరూ అంటే ఎవరో ముగ్గురికీ అర్థమైంది. జగన్నాథరావు రుమాలు సర్దుకుని, "మంచిదే, పోటీగా పెంచితే శ్రద్ధ పెరుగుతుంది," అని సైకిలెక్కాడు.

"మరి నావి తూగితే?" అంది హన్నమ్మ.

"తూగవు."

"తూగితే?"

నాకు కావలసింది చేపల బరువు కాదు. ఆ మనిషి మళ్ళీ మా గట్టెక్కకూడదు. హన్నమ్మ నవ్వితే నా మాటకు నవ్వాలి. ఇంతే.

*

విభూది బుధవారంతో, ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సుకాలం మొదలైంది. శుక్రవారాలు హన్నమ్మ పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆ ఏడు ఇంకో నియమం పెట్టింది. శుక్రవారం కొడవలి కూడా ముట్టలేదు.

"గడ్డి కొయ్యవా?"

"మనం ఉపాసం ఉండి వాటికి పండగ చెయ్యడమేంటి? ఇయ్యాళ అవీ ఉపాసమే."

"చేపలకు ఉపాసమా? పాపాలేం చేశాయే అవి?"

"నువ్వు మాత్రం ఏం పాపం చేశావని ఉంటన్నావు?" అంది. నేను ఉండటం లేదని ఆమెకు తెలుసు. గానుగలో వేరుశెనగ గింజలు నోట్లో వేసుకునేవాణ్ణి.

లోపల మాత్రం నాకు సంబరమైంది. ఆమె చేపలు పస్తులుంటే నావి ముందుకు పోవూ! ప్రతి శుక్రవారం నా గుంటలో రెట్టింపు చెక్క పడేది. ఆమె చేపలు బక్కచిక్కుతాయి, నావి బలుస్తాయి, శనివారం వల్లో తేలిపోతుంది. ఇంతకన్నా తేలిక పోటీ ఉంటుందా అనుకున్నాను. జగన్నాథరావు ఒకసారి వచ్చి ఆ ఉపవాసం సంగతి విని, "చాలా మంచి పద్ధతి హన్నమ్మగారూ, వారానికో రోజు మేత ఆపితే పేగూ శుభ్రం, నీళ్ళూ శుభ్రం," అన్నాడు. ఆయన ఒప్పుకున్నాడంటే నాకు అది తప్పే. ఆ సాయంత్రం ఇంకో బుట్ట తెచ్చాను.

మొహిద్దీన్ సాయిబు గమనించకపోలేదు. నేను చెక్కపొడి మూట కట్టుకుంటుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం యూసుఫ్," అన్నాడు. నన్ను ఆయన అలాగే పిలిచేవాడు; గట్టు మీది నవ్వు సంగతి ఒకసారి ఆయన దగ్గర కక్కేశాను. "ఈ చెక్క చేపలకా, నీ కడుపుమంటకా?"

"చేపలకే భాయ్."

"కడుపుమంటకైతే చెక్క పనిచెయ్యదు. మజ్జిగ తాగు. అసలు ఏమన్నాడో ఆయన, నీ భార్యను అడిగావా?"

"అడిగాను. చెప్పదు."

"గదమాయించినట్టు అడిగితే ఎవరు చెబుతారు? మామూలుగా అడుగు."

మామూలుగా ఎలా అడగాలో నాకు తెలిస్తే గదా! రాత్రి పక్కన పడుకున్న మనిషిని అడగడానికి నోరు పెగిలేది కాదు. పొద్దున లేచి చెక్క మూట ఎత్తుకునేవాణ్ణి.

గుంటల్లో నీళ్ళు దిగిపోతున్నాయి. నాది పల్లంలో ఉన్నా తక్కువ లోతు తవ్వింది, నీళ్ళు ఇంకా తగ్గాయి. తేట పోయి నీళ్ళు చిక్కబడ్డాయి. చెక్క వేస్తే ముందులా ఉడికినట్టు కదలడం లేదు. కడుపు నిండింది కాబోలు అనుకున్నాను. నిండితే మంచిదేగా?

*

పెద్ద గురువారం నాడు గానుగలో పని ముగించి వచ్చాను. మర్నాడు మంచి శుక్రవారం, ఆ మర్నాడు వల. ఇక మిగిలిన చెక్క దేనికి? మూట మొత్తం విప్పి గుంటలో బోర్లించాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది. మామిడి తోపుల్లో ఆకు కదలడం లేదు. ఉక్కకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. హన్నమ్మ గట్టు మీద నిలబడి నీళ్ళ వంక చూసింది.

"చాలయ్యా. ఏసిందే తేలుతోంది."

"నీకెందుకు? నా గుంట."

తెల్లారుతుండగా ఆమే నన్ను లేపింది. "ఏమయ్యా, లే! నీ చేపలు నోళ్ళు తెరుస్తన్నాయి."

పరిగెత్తాను. గుంట నిండా నోళ్ళే. రాగండ్లన్నీ పైకొచ్చి, గుండ్రటి నోళ్ళు గాలిలోకి పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. చప్పుడు కూడా వినపడుతోంది. గట్టు పక్కన కొన్ని అప్పటికే తెల్లటి పొట్టలు తిరగేశాయి. నీళ్ళ నుంచి కంపు లేస్తోంది. బతికున్నవి చేతికందే దూరానికి వచ్చి నా వంకే నోరు తెరుస్తున్నాయి. ఇన్నాళ్ళూ తిండికి తెరిచాయి. ఇప్పుడు ఊపిరికి.

బిందె పట్టుకుని నడుంలోతు దిగి, నీళ్ళు తోడి పైకి ఎగజల్లడం మొదలుపెట్టాను. గాలి కలుస్తుందని ఎవరో చెప్పగా విన్నాను. ఎవరోనేమిటి, ఆయనే హన్నమ్మకు చెబుతుంటే విన్నాను. తెల్లబట్టలు కట్టుకుని సిలువ మార్గం ప్రార్థనకు పోతున్న పేట జనం గట్టు మీద ఒక్క క్షణం ఆగి, అయ్యో అయ్యో అనుకుంటూ పోయారు. గంట మోగే రోజు కాదు అది. గంటకు బదులు తిప్పే చెక్క గిలక శబ్దం గుడి నుంచి వస్తోంది.

అప్పుడు ధడ్‌మని ఇంకో శబ్దం. తిరిగి చూస్తే హన్నమ్మ. గుడికని కట్టుకున్న తెల్లచీర పైకి దోపుకుని, మధ్య గట్టు మీద గునపం వేస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"గట్టు తెంపుతన్నా. నాది మెరక. నీళ్ళు అటు దిగుతయ్."

"నీవి కూడా చస్తాయే! ఈ నీళ్ళు కలిస్తే ఏమవుద్దో!"

"ఏమో. ముందర చచ్చేవి నీవేగా."

ఎండకు రాయిలా బిగిసిపోయిన గట్టు. పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. మట్టి పెళ్ళలు చీర మీద పడుతున్నా ఆగలేదు. నేను బిందె పారేసి పార అందుకున్నాను. ఇద్దరం కలిసి తవ్వాం. కాలువ పడింది. తూర్పు గుంటలోని పచ్చటి నీళ్ళు, పేడ తునకలతో సహా, నా గుంటలోకి జారాయి. ఆ పడే నీళ్ళ దగ్గరికి రాగండ్లు ఒకదాని మీద ఒకటి ఎగబడ్డాయి. నేను ఇన్నాళ్ళూ వెక్కిరించిన నీళ్ళు అవి.

ఎండ ఎక్కేసరికి నోళ్ళు కిందికి దిగిపోయాయి. పోయినవి పోయాయి. కానీ సగానికి పైగా దక్కాయి. నీళ్ళు రెండు వైపులా సమమై నిలబడ్డాక, నల్లటి వీపున్న పెద్ద గడ్డిచేప ఒకటి ఆ గండిలోంచి తాపీగా నా వైపుకు వచ్చి, ఇటూ అటూ చూసి వెళ్ళింది.

హన్నమ్మ గట్టు మీద కూలబడింది. నేను చచ్చిన చేపల్ని ఏరి బుట్టలో వేసి, ఆమెకు కాస్త దూరంగా కూర్చున్నాను.

"ఆయన చెప్పినట్టే అయింది. సంతోషమేగా?" అన్నాను.

"ఎవరు?"

"నీ గారు."

హన్నమ్మ తల తిప్పి నన్ను చూసింది. మొహం మీద మట్టి చారలు. "నువ్వు ఇంకా అక్కడే ఉన్నావా?"

నాకు ఇక గదమాయించే ఓపిక లేదు. "ఏమన్నాడు హన్నమ్మా ఆ రోజు?" అని మామూలుగా అడిగాను.

చేతికంటిన బురదను గోళ్ళతో గీకుతూ చెప్పింది.

"ఈ గడ్డిచేప ఆత్రంగా మింగుద్దట, సరిగా నమలదట. అందుకే సగం అట్టాగే బయటికొస్తదట. ఎంత తిన్నా ఇంకా పెట్టమని గట్టు దగ్గరే తిరుగుద్దట. అట్టాంటిది మా ఇంట్లో కూడా ఒకటుంది సార్, అన్నాను."

నాకు ఒక్క క్షణం పట్టింది.

"నేనా?"

"ఇంకెవరు? ఆ మాట అనేసరికి నువ్వు అవతలి గట్టు మీద, నెత్తిన మూటతో, ఏదో నముల్తా వస్తన్నావు. నవ్వాగలేదు."

అంటే ఆ నవ్వు నాదే. ఇన్నాళ్ళూ నా నవ్వు మీద నేనే ఏడ్చానన్నమాట.

"మరి చెప్పొచ్చుగా! అడిగాను గదా!"

హన్నమ్మ బురద గీకడం ఆపింది. "ఏం చెప్పను? బిడ్డ పోయి ఏడాది తిరగలేదు, నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి గోడకు తిరిగి ఏడ్చాను. నువ్వేమో ఎందుకు నవ్వావు ఎందుకు నవ్వావు అని అడుగుతానే ఉంటివి. ఏదో తప్పు చేసిందాన్ని నిలేసినట్టు."

గుడిలోంచి మోకాళ్ళూని పాడుతున్న పాట గాలి లేని ఆ పొద్దులో దగ్గరగా వినపడుతోంది. జరిగి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా భుజానికి ఆనుకుంది. ఇద్దరికీ చేపకంపు.

కాసేపటికి అన్నాను, "ఆ మాట ఆయనతో అన్నావు. నాతో అనొచ్చుగా."

"నీతో అంటే నవ్వుతావా? అలుగుతావు."

నిజమే. అప్పుడు కూడా కొంచెం అలిగాను.

*

శనివారం వల వెయ్యలేదు. ఎవరి చేపలని తూస్తాం? అన్నీ కలిసిపోయాయి.

ఈస్టరు వెళ్ళిన వారంలో జగన్నాథరావు వచ్చాడు. తెగిన గట్టు చూసి సైకిలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎవరు తెంపారిది?"

"మేమే సార్," అన్నాను.

విషయమంతా విన్నాడు. ఎన్ని పోయాయో అడిగి నొచ్చుకున్నాడు. చెప్పాను గదా అని మాత్రం అనలేదు. అంటే బాగుండేది, కోప్పడటానికి నాకొక దారి దొరికేది. గండి పూడ్చొద్దనీ, గడ్డిచేప పేడతోనే రాగండికి చాలావరకు సరిపోతుందనీ, చెక్క వేస్తే పొద్దున పూట, తిన్నంతే వెయ్యమనీ చెప్పాడు. సరేనన్నాను. హన్నమ్మ కోసి తెచ్చిన గరిక కట్ట ఆమె చేతిలోంచి నేనే తీసుకుని నీళ్ళలో వేశాను. పెద్ద గడ్డిచేప పైకి వచ్చి పోచను నోట కరుచుకుని గబగబా లాక్కుపోయింది. వెంటనే ఇంకోటి. వెంటనే ఇంకోటి.

నేను హన్నమ్మ వైపు వంగి చెవిలో ఒక మాట అన్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. భుజాలు కదిలిపోయేలా, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వింది.

జగన్నాథరావు అవతలి గట్టు నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు మాట వినపడలేదు. నవ్వు వినపడింది.

"ఏమన్నావు యోసేపూ?" అని అడిగాడు.

"ఏం లేదు సార్," అన్నాను. "చేప పేడ గురించి."